ముందు తోమడం తగ్గించండి

నా కుర్చీలో ఎవరు కూర్చున్నా నేను ముందు ముఖం చూడను. జుట్టు పైకెత్తి క్లిప్పు పెట్టేటప్పుడు మెడ వెనక చూస్తాను. తెనాలిలో పార్లర్ పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో మెడ చెప్పినంత నిజం నాకు ముఖం చెప్పలేదు. ముఖం మీద పౌడరు ఉంటుంది, క్రీము ఉంటుంది. మెడ వెనక ఎవరూ ఏమీ రాసుకోరు.

రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో ఒకావిడ ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. "అక్కా, దీని మెడ చూడండి. మట్టి పట్టిపోయింది. రోజూ పీచుతో తోముతున్నా పోవట్లేదు. ఏదైనా బ్లీచ్ పెట్టండి, వచ్చే నెల మా తమ్ముడి పెళ్ళి" అంది. పిల్ల మెడ చూశాను. నల్లగా, మందంగా, వేలు పెడితే మఖమల్ గుడ్డలా తగిలింది. దాని మీద పీచుతో గీరిన గీతలు. రెండు చోట్ల చెక్కు కట్టి ఉంది. ఆ పిల్ల తల వంచుకొని అద్దంలోకి కూడా చూడలేదు.

నేను బ్లీచ్ పెట్టలేదు. "అది మట్టి కాదమ్మా, ఇంక పీచు ముట్టించకండి" అని చెప్పాను. ఒంట్లో ఇన్సులిన్ అవసరానికి మించి తయారవుతున్నప్పుడు మెడ వెనక, చంకల్లో, తొడల మడతల్లో చర్మం ఇలా నల్లబడి మందమవుతుంది. బరువు పెరిగిన పిల్లల్లో, నెలసరి గాడి తప్పిన ఆడపిల్లల్లో, షుగర్ వచ్చే దారిలో ఉన్న పెద్దవాళ్ళలో ఇది కనిపిస్తుంది. నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగితే, రెండు మూడు నెలలకోసారి వస్తోందని అప్పుడు బయటపెట్టింది పిల్ల. తల్లికి ఆ సంగతే తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళారు, పరీక్షలు చేయించారు, తిండి మార్చారు, సాయంత్రం కాలవ గట్టు మీద తల్లీకూతుళ్ళిద్దరూ నడవడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలల తర్వాత ఐబ్రోస్ చేయించుకోవడానికి వస్తే మెడ సగానికి పైగా తేటపడి ఉంది. ఏ క్రీమూ రాయలేదు.

ఈ ఒక్క పిల్ల కోసమే కాదు, ఇలాంటి వాళ్ళు నెలకి ఇద్దరైనా వస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. మనవాళ్ళు చర్మాన్ని గిన్నెలాగా చూస్తున్నారు. తోమితే తళతళలాడుతుందనుకుంటున్నారు. కానీ పైచర్మం మనకి గోడ. లోపలి తడిని బయటికి పోనివ్వదు, బయటి క్రిములను లోపలికి రానివ్వదు. ఆ గోడను రోజూ గీకుతూ, దాని మీద మళ్ళీ ఖరీదైన రంగు వేయాలని చూడడం వల్లే సగం బాధలు. కాబట్టి నా దగ్గరికి వచ్చినవాళ్ళకి చెప్పేవన్నీ ఇక్కడ చెబుతాను. ఇందులో పార్లర్లో డబ్బు పెట్టి చేయించుకోవాల్సినవి చాలా తక్కువ.

స్నానం

గోరువెచ్చని నీళ్ళు చాలు. చలికాలంలో పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుంది, కానీ ఒంటి మీద ఉండే సహజమైన జిడ్డు మొత్తం కడుక్కుపోతుంది. తర్వాత కాళ్ళ మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది చూడండి, అదే గుర్తు. పది నిమిషాల్లో ముగించండి.

సబ్బు ఒళ్ళంతా రుద్దక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, మెడ, చెమట పట్టే చోట్లకి సబ్బు చాలు. చేతులకి, కాళ్ళకి, పొట్టకి నీళ్ళే సరిపోతాయి. పొలం పనో, దుమ్ములో పనో అయితే వేరు. మన చర్మం సహజంగా కాస్త పులుపు వైపు ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది). మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది. అందుకే సబ్బుతో ముఖం కడగ్గానే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. చాలామంది అదే శుభ్రం అనుకుంటారు. ముఖం బిగుసుకుందంటే జిడ్డుతో పాటు గోడకి ఉన్న గిలాబా కూడా రాలిందని అర్థం.

సబ్బు కొనేటప్పుడు కవరు వెనక చదవండి. టాయిలెట్ సోప్ అని ఉందా, బాతింగ్ బార్ అని ఉందా చూడండి. టాయిలెట్ సోప్ మీద టీఎఫ్ఎం, అంటే మొత్తం కొవ్వు పదార్థం, ఇంత శాతం అని ఉంటుంది. 76 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. ఈ అంకె ఎంత ఎక్కువుంటే అందులో సబ్బు పదార్థం అంత ఎక్కువ, ఇతర నింపుడు సరుకు అంత తక్కువ. కవరు మీద సినిమా నటి బొమ్మ కన్నా ఈ అంకె నాకు ముఖ్యం. పొడి చర్మం, దురదలు ఉన్నవాళ్ళకి మాత్రం గ్రేడ్ 1 కూడా గట్టిదే కావచ్చు. వాళ్ళు మెడికల్ షాపులో దొరికే సబ్బు లేని క్లెన్సింగ్ బార్ తీసుకోవడం మంచిది.

ఇక నేను అందరికీ పట్టుబట్టి చెప్పే పని ఒకటి ఉంది. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. ఒళ్ళు ఇంకా కాస్త తడిగా ఉండగానే, బట్టలు వేసుకోకముందే, చేతులకి కాళ్ళకి కొబ్బరినూనో, వాజిలినో, మామూలు మాయిశ్చరైజరో పట్టించండి. ఒళ్ళు పూర్తిగా ఆరిపోయాక రాస్తే అందులో సగం లాభం కూడా ఉండదు. ఆ నూనె పని తడి తేవడం కాదు, ఉన్న తడిని పట్టి ఉంచడం. మా పార్లర్లో పని చేసే అమ్మాయికి నీళ్ళలో ఎక్కువసేపు చేతులు పెట్టడం వల్ల వేళ్ళు పగిలేవి. రోజుకి నాలుగుసార్లు, చేతులు కడుక్కున్న ప్రతిసారీ తడి మీద వాజిలిన్ రాయించాను. మూడు వారాలకి పగుళ్ళు మూసుకున్నాయి. ముఖం మీద మొటిమలు వచ్చేవాళ్ళు మాత్రం ముఖానికి కొబ్బరినూనె రాయొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. వాళ్ళు డబ్బా మీద "నాన్ కామెడోజెనిక్" అని ఉన్నది చూసి తీసుకోవాలి.

సున్నిపిండి

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు ఇష్టమైన విషయం, నేను తప్పు చేసిన విషయం కూడా.

మా అమ్మమ్మది దుగ్గిరాల, పసుపు యార్డు ఉన్న ఊరు. పండక్కి నెల ముందే ఆవిడ పెసలు ఎండబోసేది. నేను ఇప్పటికీ ఆవిడ లెక్కే వాడతాను: పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం వంద గ్రాములు, మెంతులు రెండు చెంచాలు, కస్తూరి పసుపు యాభై గ్రాములు, నీడన ఆరబెట్టిన గులాబీ రేకులు రెండు గుప్పిళ్ళు. అన్నీ విడివిడిగా ఎండబెట్టాలి. తేమ ఉంటే పది రోజుల్లో పురుగు పడుతుంది. కస్తూరి పసుపు కూర పసుపులాగా ముఖాన్ని పచ్చగా పట్టదు. పొడి కొనకండి, కొమ్ములు కొని కొట్టించుకోండి. పొడి పసుపులో రంగులు కలిపే మోసం ఉంది, అది ఒంటికి మంచిది కాదు.

మరలో పట్టించేటప్పుడు జాగ్రత్త. మాది మిరప జిల్లా. సీజన్లో ప్రతి మరలోనూ కారం పడతారు. కారం పట్టిన మరలో మీ సున్నిపిండి పోయించారంటే పిల్లలు స్నానం గదిలోంచి ఏడుస్తూ బయటికొస్తారు. ఇంట్లో మిక్సీ ఉంటే కొంచెం కొంచెంగా అందులోనే పట్టండి. ఒంటికి మామూలు జల్లెడ పట్టిన పిండి సరిపోతుంది. ముఖానికి వాడేదాన్ని పల్చటి నూలుగుడ్డలో వేసి జల్లించండి. గరుకు పలుకు ఒక్కటి ఉన్నా బుగ్గ మీద గీత పడుతుంది.

వారానికి రెండుసార్లు చాలు. పెరుగులోనో పాలలోనో కలిపి, పల్చగా పూసి, ఆరిపోకముందే నీళ్ళు చల్లి కడిగేయాలి. ఎండిపోయి పెచ్చులు కట్టాక గోకి తీసే అలవాటు మానండి. నలుగు పెట్టడమంటే నూనె రాసి నెమ్మదిగా రుద్దడమే. ఆ నూనె లేకుండా ఒట్టి పిండితో బరబరా రుద్దడం ఈ మధ్య మొదలైన పద్ధతి.

ఇక నేను చేసిన తప్పు. సున్నిపిండి సామాను అడిగితే మా వైపు పచారీ కొట్లో బావంచాలనే గింజలు, కచ్చూరాలనే వాసన దుంపలు కలిపి పొట్లం కట్టి ఇస్తారు. బావంచాలు మంచి వాసన, అందుకని నేనూ ధారాళంగా వేసేదాన్ని. 2009 ఏప్రిల్లో ఒకామెకి ఆ పిండిలో నిమ్మరసం పిండి చేతులకి ప్యాక్ వేశాను. ఆవిడ అక్కణ్ణించి మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద పొన్నూరు వెళ్ళింది. రెండో రోజుకి మోచేతుల దాకా ఎర్రబడి, నీటి బొబ్బలు లేచాయి. తగ్గాక నల్లటి మచ్చలు మిగిలాయి, అవి పోవడానికి చాలా నెలలు పట్టింది. చర్మ డాక్టరు చెబితే నాకు తెలిసింది. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిపోతుంది. బొల్లికి మందుగా వాడేది ఆ గుణం వల్లనే, అదీ డాక్టరు కొలత చెబితేనే. నిమ్మకాయ తొక్కలోనూ రసంలోనూ అలాంటివే ఉంటాయి. నిమ్మచెక్కతో ముఖం రుద్దుకొని ఎండలోకి వెళ్ళకండి. అసలు ముఖానికి నిమ్మకాయే వద్దు, పీహెచ్ 2 దగ్గర ఉండే పులుపు అది. వంటసోడా వద్దు. టూత్‌పేస్టు మొటిమ మీద పెట్టడం వద్దు. ఆమె దగ్గరికి నేను మూడుసార్లు వెళ్ళి క్షమించమని అడిగాను. అప్పట్నించీ నా సున్నిపిండిలో బావంచాలు లేవు.

తలంటు, జుట్టు

ఆదివారం తలంటు మంచి అలవాటే, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒంటికీ తలకీ పట్టించి అరగంట ఉంచితే చాలు. రాత్రంతా నానబెట్టడం వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. కుంకుడుకాయలు గింజ తీసి, రాత్రే నానబెట్టి, పొద్దున పిసికి, తప్పకుండా గుడ్డలో వడకట్టండి. ఆ రసం కళ్ళలో పడితే చెప్పలేనంత మంట. పిల్లల తల వెనక్కి వంచి పోయాలి, పడితే మాత్రం వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. తలంటు అయ్యాక బాత్రూం గచ్చు కూడా కడగండి. నూనె గచ్చు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

చుండ్రు ఉన్నవాళ్ళు నూనె మానండి. తల పొడిబారి చుండ్రు వస్తోందని ఇంకా నూనె పోస్తారు. చుండ్రుకి కారణమయ్యే ఫంగస్‌కి ఆ జిడ్డే తిండి. కీటోకొనజోల్ 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, మాడుకి పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడగండి. చాలామంది పెట్టిన వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు. ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది పని.

జుట్టు రాలుతోందని కంగారుగా వచ్చేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే: రెండు మూడు నెలల కిందట ఏమైంది? టైఫాయిడో, డెంగ్యూనో, కాన్పో, ఆపరేషనో ఏదో ఒకటి చెబుతారు. పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పిళ్ళతో రాలడం మామూలే, మళ్ళీ వస్తుంది. టెన్షన్ పడి నాలుగు రకాల నూనెలు మార్చకండి. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం కూడా ఎవరికైనా ఉండేదే. అది కాకుండా ఆరు నెలలు దాటినా రాలుతుంటే కింది కనురెప్ప లాగి లోపల చూడండి. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే రక్తం పరీక్ష చేయించుకోండి. మన ఆడవాళ్ళకి ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఇంకా పోలేదు. తోటకూర, రాగులు, పల్లీ బెల్లం తినండి, అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనం అవగానే టీ తాగకండి, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయకి సరైన చోటు ముఖం కాదు, పప్పన్నం.

నీళ్ళు ఎక్కువ తాగితే ముఖం మెరుస్తుందని అడుగుతారు. దాహానికి సరిపడా తాగండి, మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. అంతకు మించి తాగితే ముఖానికి వచ్చేదేమీ నేను చూడలేదు. నిద్ర తక్కువైతే మాత్రం నేను ముఖం చూసి చెప్పగలను.

ఎండ, మంగు

ముప్ఫై దాటిన ఆడవాళ్ళు ఎక్కువమంది నా దగ్గరికి వచ్చేది మంగు మచ్చల కోసమే. బుగ్గల మీద, పై పెదవి మీద, నుదుటి మీద గోధుమరంగు మచ్చలు. కాన్పుల తర్వాత, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఎక్కువ. ఏ క్రీము రాసినా ఎండను ఆపకుండా మంగు తగ్గదు, తగ్గినా నెలలో తిరిగొస్తుంది. ఇదే మాట ఎన్నిసార్లైనా చెబుతాను.

ఎస్‌పీఎఫ్ 30, ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలుగా పిండితే ఎంతవుతుందో, ముఖానికీ మెడకీ కలిపి అంత కావాలి. బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటే లాభం లేదు. బయటికి వెళ్ళడానికి పావుగంట ముందు రాసి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మంగు ఉన్నవాళ్ళకి చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం మేలు, అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది. వంటగదిలో పొయ్యి వేడి కూడా మంగుకి మంచిది కాదు, కిటికీ తీసి వండండి.

సన్‌స్క్రీన్ కొనే స్తోమత లేనివాళ్ళు చాలామంది ఉన్నారు, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. గొడుగు, పొడుగు చేతుల పాత షర్టు, ముఖానికి దట్టమైన నూలు తువ్వాలు. మిరప కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు మగవాళ్ళ చొక్కా వేసుకొని తలపాగా చుట్టుకుంటారు. అంతకన్నా మంచి సన్‌స్క్రీన్ లేదు. కారం ఘాటు చేతులకి అంటుకుంటే నీళ్ళ కన్నా ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. మిరప మంట నీళ్ళకి లొంగదు, నూనెలో కరుగుతుంది.

మెడికల్ షాపు ట్యూబులు

ఇక్కడ నాకు కోపం వస్తుంది. నెలకొకరైనా ముఖం ఎర్రగా, చర్మం ఉల్లిపొరలా పల్చబడి, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తూ వస్తారు. ఆడపిల్లల బుగ్గల మీద వెంట్రుకలు పెరుగుతుంటాయి. "ఏం రాస్తున్నారమ్మా" అంటే బ్యాగులోంచి చిన్న ట్యూబు తీస్తారు. పక్కింటావిడ చెప్పింది, షాపతను ఇచ్చాడు, రాసిన వారానికే తెల్లగా అయ్యాను, మానేస్తే మంటలు వస్తున్నాయి. అందరి కథా ఇదే.

ట్యూబు తిప్పి, వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లుయోసినొలోన్ లాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. పేరు చివర "సోన్", "సోల్", "లోన్" కనిపిస్తే డాక్టర్ని అడగకుండా రాయొద్దు. కొన్నింటి చివర "జోల్" ఉంటుంది, క్లోట్రిమజోల్ లాంటివి, అవి ఫంగస్ మందులు, వేరు. చాలా ట్యూబుల్లో రెండూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, ఎగ్జిమాకి డాక్టరు చూసి ఇన్ని రోజులని రాసిస్తే ప్రాణం లేచొస్తుంది. ముఖం తెల్లబడడానికి నెలల తరబడి రాసుకోవడమే విషం. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు ఈ రాత్రే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే ముఖం మండిపోతుంది, మళ్ళీ అదే రాస్తారు. ట్యూబు తీసుకొని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మెల్లగా మాన్పిస్తారు. ట్యూబు చూపించడానికి మొహమాటపడకండి.

తామరకి కూడా ఇదే ట్యూబు రాస్తారు. రాయగానే దురద పోతుంది, ఎర్రదనం పోతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ఒక రూపాయి బిళ్ళంత ఉన్నది నడుమంతా అవుతుంది. తామర వస్తే చేయాల్సింది: తువ్వాలు ఎవరిది వాళ్ళకే, లోపలి బట్టలు రోజూ మార్చి ఎండలో ఆరేయడం, స్నానం అయ్యాక గజ్జలు పూర్తిగా ఆరనిచ్చి బట్ట వేసుకోవడం, బిగుతు లెగ్గింగ్స్, జీన్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టడం. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. పైకి తగ్గినట్టు కనిపించాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు మందు ఆపకూడదు. సగంలో ఆపినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు.

ఎక్కడికి వెళ్ళినా అడగండి

పార్లరుకి వెళ్ళేటప్పుడు కొన్ని విషయాలు మీరే చెప్పాలి. మొటిమలకో మచ్చలకో ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి క్రీములు రాస్తుంటే వ్యాక్సింగ్ చేయించుకోకండి, చర్మం ఊడి వస్తుంది. వ్యాక్స్ పెట్టే అమ్మాయి ముందు తన మణికట్టు మీద వేడి చూసుకుందా లేదా గమనించండి. పెళ్ళికి ముందు రోజు మొట్టమొదటిసారి ఏదీ చేయించుకోకండి. ఫేషియల్ అయినా బ్లీచ్ అయినా కనీసం వారం ముందు. నేను ముందు రోజు అడిగిన పెళ్ళికూతుళ్ళని వెనక్కి పంపేస్తాను, వాళ్ళమ్మలు కోప్పడినా సరే.

జుట్టుకి రంగు వేసే ప్రతిసారీ మోచేతి మడతలో చుక్క పెట్టి 48 గంటలు చూడండి. పదిసార్లు పడినది పదకొండోసారి పడకపోవచ్చు. జాతర్లలో పది నిమిషాల్లో నల్లగా పండే గోరింటాకు పిల్లలకి పెట్టించకండి. అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా పండేదాంట్లో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, బొబ్బలు లేస్తాయి.

నుదుటి మీద స్టిక్కర్ పెట్టుకునే చోట దురదగానీ తెల్లబడడం గానీ మొదలైతే ఆ రోజే స్టిక్కర్ మానండి. కొన్ని రకాల జిగురులో ఉండే రసాయనం చర్మపు రంగుని తినేస్తుంది. తొందరగా మానితే రంగు తిరిగొచ్చే అవకాశం ఉంది. కుంకుమ పెట్టుకున్నా దురద వస్తుంటే కంపెనీ మార్చి చూడండి, లేదా కాటుక బొట్టు పెట్టుకోండి.

ఇంకొక మచ్చ గురించి చెప్పాలి. ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన రంగులోనో రాగి రంగులోనో మచ్చ ఉండి, దురద లేకుండా, నొప్పి లేకుండా ఉంటే కళ్ళు మూసుకొని దూదితో తాకించుకోండి. తాకినట్టు తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. కుష్ఠు కావచ్చు. పేరు వినగానే భయపడే రోజులు పోవాలి. మందులు పీహెచ్‌సీలోనే ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదు. ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతిని వేళ్ళు వంకర పోతాయి. నా దగ్గర వీపుకి వ్యాక్స్ చేయించుకోవడానికి వచ్చిన ఒకామెకి నేనే చూసి చెప్పాను. ఏడ్చింది. ఆర్నెల్లు మందు వాడింది. ఇప్పుడు ఆమె కూతురు కూడా నా దగ్గరికే వస్తుంది.

పాదాలు

మడమల పగుళ్ళకి: రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పావుగంట పెట్టి, తడి తుడిచి, వాజిలిన్‌గానీ యూరియా ఉన్న క్రీముగానీ పట్టించి, నూలు సాక్సు వేసుకొని పడుకోండి. వారం రోజుల్లో తేడా తెలుస్తుంది. బ్లేడుతో చెక్కకండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి, గట్టి గచ్చు మీద వట్టికాళ్ళతో తిరిగితే ఎన్ని రాసినా మళ్ళీ పగులుతాయి.

షుగర్ ఉన్నవాళ్ళకి ఈ వేడినీళ్ళ పద్ధతి వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. మా మామగారికి పద్దెనిమిదేళ్ళుగా షుగర్. ఒకసారి చెప్పులో గుండుసూది దిగి ఉంటే రెండు రోజులు అలాగే తిరిగారు, నొప్పి లేదు. సాక్సుకి రక్తం అంటితే నేను చూశాను. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నించీ పార్లర్లో వెనక తల చూపించే చేతి అద్దం ఒకటి ఇంటికి తెచ్చాను. రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం మీద కూర్చుంటారు. నేను పాదం కింద అద్దం పడతాను, మా అబ్బాయి ఫోన్ లైటు వేస్తాడు. ఎర్రబడిందా, బొబ్బ ఉందా, వేళ్ళ సందుల్లో తెల్లగా నానిందా చూస్తాం. మడమలకి వాజిలిన్ రాస్తాం, వేళ్ళ సందుల్లో మాత్రం రాయం, అక్కడ పొడిగుడ్డతో తుడుస్తాం. చెప్పులు తిరగేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి, మంచం కింద పెడతాం. అంతా కలిపి నాలుగు నిమిషాలు పడుతుంది.